సుక్మా ‘ఆయుధ కర్మాగారం’: వార్త చెప్పని శాస్త్రం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున సుక్మా ఉంది. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. ఆ జిల్లాలోని కొంటా దాటితే మన చింతూరు వస్తుంది. కొంటా పరిసర గ్రామాల్లో కోయ, దోర్లా మాటలతోపాటు తెలుగూ వినిపిస్తుంది. అందుకే సుక్మాలో జరిగిన సంగతి తెలుగు పత్రికల్లో దూరదేశపు వార్తలా కాక పక్క ఊరి వార్తలాగే అచ్చవుతుంది.

అలా వచ్చే వార్తల్లో ఒక రకాన్ని మీరూ చూసే ఉంటారు. అడవిలో గాలింపు జరిపిన బలగాలు మావోయిస్టుల ‘ఆయుధ కర్మాగారాన్ని’ పట్టుకున్నాయని వార్త. పక్కన ఒక ఫోటో. నేల మీద పరచిన టార్పాలిన్. దాని మీద వరుసగా ఇనుప పైపులు, డ్రిల్లింగ్ మిషను, బెంచి వైసు, వెల్డింగు సామాను, ఖాళీ తూటా గుల్లలు, రెండు మూడు పాత తుపాకులు. వార్తలో ‘నాటు’, ‘దేశవాళీ’, ‘అత్యాధునిక’ అనే మాటలు ఒకే పేరాలో కలిసిమెలిసి ఉంటాయి. చదివినవారు ఒక్క నిమిషం భయపడతారు, లేదా ‘అడవిలో కూర్చుని ఇవన్నీ ఎలా చేశారు!’ అని ఆశ్చర్యపోతారు. తర్వాత పేజీ తిప్పేస్తారు.

ఈ వ్యాసంలో చేసే విమర్శ ఆ వార్త మీద. వార్త నిజమా, అబద్ధమా అన్నది కాదు నా ప్రశ్న. రాజకీయాల్లో ఎవరిది న్యాయం అన్నదీ కాదు. సైన్సు చదువుకుంటున్న మీ చేతికి ఆ వార్త ఏ సమాచారం ఇస్తోంది, ఏది దాస్తోంది అన్నదే ప్రశ్న. సొంతంగా తూటాలు నింపుకునే సామాను గురించి రాసేటప్పుడు మన పత్రికలు ఒక్క కొలత కూడా చెప్పవు. కొలత చెప్పకపోతే భయానికీ మెప్పుకూ కూడా ఆధారం ఉండదు. తయారీ పద్ధతుల కోసం ఈ వ్యాసం చదివేవారికి నిరాశే మిగులుతుంది. ఇందులో ఉన్నది ఆ పని వెనక ఉన్న భౌతికశాస్త్రం, లోహశాస్త్రం మాత్రమే.

తూటా ఎందుకంత విలువైనది?

ఆధునిక తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందుకు దూసుకుపోయే గుండు ఒకటి. దాన్ని తోసే మందు రెండోది. ఆ మందును అంటించే చిన్న కాప్ మూడోది. ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల నాలుగోది. తుపాకీ పేలాక మొదటి మూడూ ఖర్చయిపోతాయి. గుల్ల ఒక్కటే మిగులుతుంది. ఆ గుల్లను మళ్ళీ నింపి వాడటాన్నే రీలోడింగ్ అంటారు.

తూటా లేని రైఫిలు ఒక ఇనుప కర్రతో సమానం. తుపాకీ పదుల ఏళ్ళు పనిచేస్తుంది, తూటా ఒక్కసారికే. అందువల్ల ప్రభుత్వాలు కట్టడి చేసేది ముఖ్యంగా తూటాల సరఫరానే. దీనికి మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. తుపాకులతోపాటు తూటాలనూ తీసుకువెళ్ళింది. తుపాకులు దొరికితే చాలదని, వాటికి సరిపడే తూటాలు కావాలని ఆ దళానికి తెలుసు. మన్యంలో వాటిని తయారు చేసుకునే వీలు లేదు.

సుక్మాలోనూ ఇదే లెక్క. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. అప్పటికి ఆ ప్రాంతం దంతెవాడ జిల్లాలో భాగం. వారి ఆయుధాలను దాడి చేసినవారు ఎత్తుకుపోయారు. అలా చేతికి వచ్చిన రైఫిలు కర్మాగారంలో పుట్టిందే. దానికి వేయవలసిన తూటా దగ్గరే చిక్కు మొదలవుతుంది. అడవిలో బెంచి వైసు, డ్రిల్లింగ్ మిషను ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. వార్త ఈ కారణాన్ని చెప్పదు. కారణం లేని వస్తువుల జాబితా మాత్రమే ఇస్తుంది.

రెండు వస్తువులకు ఒకే పేరు

ఇక ‘నాటు’ అనే మాటను చూద్దాం. టార్పాలిన్ మీద కనిపించే పాత తుపాకీని బస్తర్‌లో భర్మార్ అంటారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు దించి, కూరి పేల్చే పాతకాలపు తుపాకీ అది. మన ఏజెన్సీ గ్రామాల్లో వేటకు వాడుతూ వచ్చిన నాటు తుపాకీ కూడా ఈ జాతిదే. దీనికి ఇత్తడి గుల్లతో పనిలేదు. రీలోడింగ్ అనే మాట దీనికి వర్తించదు.

పక్కనే ఉన్న ఇత్తడి గుల్ల వేరే లోకానికి చెందింది. ఆ తేడా ఎంతో తెలియాలంటే పీడనాలను పోల్చాలి. మన చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని ఒక వాతావరణం అనుకుందాం. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ కూత వేసేటప్పుడు లోపల ఉండేది సుమారు రెండు వాతావరణాలు. లారీ టైరులో ఏడెనిమిది. వేటకు వాడే 12 బోరు షాట్‌గన్ తూటాలో అనుమతించే గరిష్ఠ పీడనం దాదాపు 780 వాతావరణాలు. ఎ.కె. రకం తుపాకీలో వాడే 7.62 × 39 తూటాలో అది 3,000 దాటుతుంది. ఇన్సాస్ రైఫిలు వాడే 5.56 మిల్లీమీటర్ల జాతి తూటాల్లో, కొలిచే పద్ధతినీ ప్రమాణాన్నీ బట్టి, 3,700 నుంచి 4,200 వాతావరణాల దాకా ఉంటుంది.

ఈ అంకెలు ఊహకు అందేలా మరొక పోలిక చూడండి. పసిఫిక్ మహాసముద్రంలో అన్నిటికంటే లోతైన మరియానా అగాధం అడుగున నీటి పీడనం 1,100 వాతావరణాలకు కాస్త తక్కువ. అంటే రైఫిలు పేలిన క్షణంలో, పేల్చేవాడి చెంపకు జానెడు దూరంలో, సముద్రగర్భపు పీడనానికి మూడు నాలుగు రెట్లు పుడుతుంది. అది ఉండేది సెకనులో వెయ్యో వంతు కాలమే. ఆ కొద్ది సమయంలోనే గుల్ల, గొట్టం, వెనక బిగించిన బోల్టు ఆ భారాన్ని మోయాలి. భర్మార్ గొట్టం గురించిన అనుభవం ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఈ రెండింటినీ ‘నాటు ఆయుధాలు’ అనే ఒక్క గంపలో వేయడం అంటే ఎడ్లబండినీ రైలింజనునూ ‘చక్రాల వాహనాలు’ అని సరిపెట్టడం లాంటిది. మాట తప్పు కాదు. కానీ అది విన్నవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

కొలత ఎలా పుట్టింది?

తుపాకీ మందు శతాబ్దాలుగా ఉంది. అది ఎంత బలంగా తోస్తుందో కొలిచే పద్ధతి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితవేత్త ఒక చక్కని ఉపాయం ప్రకటించాడు. ఒక బరువైన దిమ్మెను లోలకంలా వేలాడదీసి, దానిలోకి గుండును పేల్చాడు. గుండు దిగబడగానే దిమ్మె ఎంత ఊగిందో చూశాడు. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం ఆ ఊపు నుంచి గుండు వేగాన్ని లెక్కగట్టాడు. మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే బాలిస్టిక్ లోలకం ఇదే. అప్పటి మస్కెట్ గుండు సెకనుకు 1,600 అడుగులకు మించిన వేగంతో పోతుందని, గాలి నిరోధం అందరూ అనుకున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువని ఇలాగే తేలింది. ఈ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు.

వేగం తెలిసింది. మరి లోపలి పీడనం? 1860ల్లో ఆండ్రూ నోబుల్ ఒక చిన్న రాగి స్తంభికను ఉపయోగించాడు. పేలుడు పీడనం ఒక ముషలకాన్ని తోస్తుంది. అది రాగిని నలగ్గొడుతుంది. రాగి ఎంత పొట్టిదైందో కొలిస్తే పీడనం తెలుస్తుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందును తయారు చేశాడు. మందు మండే వేగం దాని చుట్టూ ఉన్న పీడనాన్ని బట్టి మారుతుందనే సూత్రం కూడా ఆయన పేరుతోనే ఉంది.

ఈ సూత్రాన్ని కాస్త ఆగి ఆలోచించండి. పీడనం పెరిగితే మందు వేగంగా మండుతుంది. వేగంగా మండితే వాయువు ఎక్కువ పుట్టి పీడనం ఇంకా పెరుగుతుంది. పెరిగిన పీడనం మంటను మళ్ళీ తొందరపెడుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోసే వలయం ఇది. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైతే రుచి కాస్త చెడుతుంది. ఇక్కడ అలా కాదు. చిన్న తేడాకు చిన్న ఫలితం అనే నిష్పత్తి ఈ వలయంలో పనిచేయదు. మందు రకం మారినా, గుల్ల లోపలి ఖాళీ కొద్దిగా తగ్గినా పీడనం ఊహించని ఎత్తుకు పోవచ్చు. కంటితో చూసి, చేతితో తూచి ఈ తేడాను పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న కమ్మరికీ కాదు, ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాడికీ కాదు. పరికరం కావాలి.

ఇత్తడి గుర్తుపెట్టుకుంటుంది

ఖాళీ గుల్లల కుప్పను ఫోటోలో చూసినప్పుడు అవన్నీ ఒకే రకంగా మెరుస్తూ కనిపిస్తాయి. లోపల అలా ఉండవు. గుల్లకు వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. పేలినప్పుడు అది ఉబ్బి, గది గోడకు అతుక్కుని, వాయువు వెనక్కి రాకుండా అడ్డుపడుతుంది. తర్వాత కొద్దిగా ముడుచుకుని బయటికి వస్తుంది. దాన్ని తిరిగి పాత కొలతకు నొక్కితే లోహం మరోసారి వంగినట్లే.

ఒక జెమ్ క్లిప్పును తీసుకుని అటూ ఇటూ వంచి చూడండి. మొదట సులువుగా వంగుతుంది. తర్వాత గట్టిపడుతుంది. చివరికి పుటుక్కున విరుగుతుంది. లోహం తాను పడిన శ్రమను గుర్తుపెట్టుకుంటుందన్న మాట. ఇత్తడి గుల్ల విషయమూ అంతే. అది ఎన్నిసార్లు పేలిందో, ఏ తుపాకీలో పేలిందో, ఎంత కాలం ఎక్కడ పడి ఉందో తెలియకుండా దాన్ని నమ్మడానికి వీల్లేదు.

ఈ పాఠం ప్రపంచానికి నేర్పింది మన వానాకాలమే అంటే ఆశ్చర్యపోతారు. బ్రిటిషువారి కాలంలో ఇక్కడి సైన్యం వర్షాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవ చేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే చాలా గుల్లలు పగిలి ఉండేవి. ఎవరూ ముట్టుకోలేదు, పేల్చలేదు. ఇంగ్లీషులో దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని, అంటే ఋతువును బట్టి వచ్చే పగులు అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో గాని తేలలేదు. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు కలిసి లోహపు రేణువుల మధ్య పగుళ్ళు తెస్తున్నాయి. ఒక సామ్రాజ్యపు సైన్యానికే ఈ సంగతి అర్థం కావడానికి పదుల ఏళ్ళు, ఒక ప్రయోగశాల కావలసి వచ్చాయి. నాలుగు నెలలు తడిసే బస్తర్ అడవిలో, నేలలో పాతిపెట్టిన డబ్బాలోని గుల్ల ఏ స్థితిలో ఉందో చూపుతో చెప్పడం సాధ్యం కాదు.

అమెరికాలో ఇంట్లోనే చేస్తారు కదా?

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. అమెరికాలో వేటగాళ్ళు, గురి పోటీలకు వెళ్ళేవారు తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకుంటారు. అక్కడ అది చట్టబద్ధమైన అలవాటు. 1958లో రిచర్డ్ లీ అనే ఆయన తన ఇంటి వర్క్‌షాపులోనే ఒక చిన్న చేతి పనిముట్టు తయారు చేసి, దానితో పెద్ద వ్యాపారమే నిర్మించాడు. అక్కడ గ్యారేజీలో అయ్యే పని ఇక్కడ అడవిలో ఎందుకు కాదు?

ప్రశ్న న్యాయమైనదే. జవాబు ‘ఇంట్లో’ అనే మాటలో ఉంది. ఆ అమెరికన్ వాడే మందు కర్మాగారం నుంచి వస్తుంది. డబ్బా మీద రకం, తయారీ బ్యాచి ఉంటాయి. కాప్, గుండు కూడా అంతే. ఏ మందు ఏ తూటాలో ఎంత మించకూడదో చెప్పే పట్టికలు అచ్చయి దొరుకుతాయి. ఆ పట్టికల వెనక పీడనం కొలిచే పరికరాలున్న ప్రయోగశాలలు ఉన్నాయి. తుపాకీ గది కొలతలను, తూటా కొలతలను, గరిష్ఠ పీడనాన్ని నిర్ణయించడానికి 1926లో అక్కడి తయారీదారులు సామీ అనే ప్రమాణాల సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. అంటే ఇంట్లో జరిగేది చివరి అడుగు మాత్రమే. ముందరి తొంభైతొమ్మిది అడుగులు వేరేవారు వేసి, కొలిచి, రాసి పెట్టారు. అయినా అక్కడ పట్టిక దాటినవారి తుపాకులు పగులుతూనే ఉన్నాయి.

అడవిలోని మనిషికి ఆ తొంభైతొమ్మిది అడుగులు లేవు. మందు ఏదో తెలియదు. గుల్ల చరిత్ర తెలియదు. పట్టిక లేదు. పీడనం కొలిచే సాధనం లేదు. ఉన్నది ఆకారాన్ని అనుకరించే నేర్పు ఒక్కటే. పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ అనే ఊరు 19వ శతాబ్దం చివరి నుంచి ఈ నేర్పుకే పేరుపడింది. ఏ దేశపు తుపాకీనైనా చూసి, చేతి పనిముట్లతో అచ్చు అలాంటిదే చేసి ఇస్తారు. ముద్రలతో సహా దిగుతుంది. కానీ చూసి అనుకరించగలిగేది బయటి రూపాన్నే. లోపలి ఉక్కు ఏ మిశ్రమం, ఎంత వేడికి కాచి ఎలా చల్లార్చారు అన్నది కంటికి కనబడదు. రూపానికీ గుణానికీ మధ్య ఉన్న ఈ దూరాన్నే శాస్త్రం కొలతతో దాటింది.

‘కర్మాగారం’ అంటే ఏమిటి?

ఈ వెలుగులో ‘కర్మాగారం’ అనే మాటను మళ్ళీ చదవండి. కోల్‌కతా దగ్గర కాశీపూర్‌లో 1801లో మొదలైన తుపాకీ బండ్ల సంస్థ నుంచి మన ఆయుధ కర్మాగారాల చరిత్ర నడుస్తోంది. ఇచ్ఛాపూర్ రైఫిలు కర్మాగారం 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో వచ్చింది. వీటిని కర్మాగారాలు చేసింది అక్కడి పెద్ద కప్పు కాదు, యంత్రాల సంఖ్యా కాదు. అక్కడ తయారైన ఏ రెండు భాగాలైనా ఒకదాని స్థానంలో మరొకటి ఇమడాలి. అందుకు ప్రతి కొలతకూ రెండు గేజీలు ఉంటాయి. ఒకటి వస్తువులో పోవాలి, రెండోది పోకూడదు. మొదటిది పోకపోయినా, రెండోది పోయినా ఆ వస్తువును పక్కన పారేస్తారు. ప్రతి బ్యాచి నుంచి కొన్నిటిని తీసి మామూలు కంటే ఎక్కువ పీడనంతో పరీక్షిస్తారు. లండన్ తుపాకీ పనివారి సంఘం 1637 నుంచి, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పరీక్ష చేసి ముద్ర వేస్తూ వచ్చాయి. పారేయడం, పరీక్షించడం, రాసిపెట్టడం అనే ఈ మూడూ ఉంటేనే అది కర్మాగారం.

ఇన్ని కట్టుబాట్లున్న చోట కూడా ప్రమాదం తప్పదు. 2025 జనవరి 24న మహారాష్ట్రలోని భండారా ఆయుధ కర్మాగారంలో పేలుడు జరిగి కనీసం ఎనిమిది మంది కార్మికులు చనిపోయారు. అక్కడ విచారణ జరుగుతుంది, లోపం ఎక్కడో వెదుకుతారు. అడవిలోని పాకలో మందు పేలి ఒకరి వేళ్ళు పోతే విచారణ ఉండదు. ఎందుకు పేలిందో రాసిపెట్టేవారు లేరు. అందువల్ల రెండో పాకలో పనిచేసే కుర్రవాడు మొదటి పాక తప్పు నుంచి ఏమీ నేర్చుకోడు. రహస్యంగా సాగే పనికి ఇది పుట్టుకతో వచ్చిన లోపం. ప్రయోగం చేయడం ఒక్కటే విజ్ఞానం కాదు. విఫలమైనదాన్ని నలుగురికీ చెప్పడం కూడా అందులో భాగమే.

నిజంగా కర్మాగారం అవసరమైనప్పుడు ఏం జరుగుతుందో తెలుగు నేల మీద ఒకసారి కనిపించింది. 2006 సెప్టెంబరులో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో పోలీసులకు వందల సంఖ్యలో రాకెట్ గుల్లలు దొరికాయి. వాటి భాగాలు అడవిలో పుట్టినవి కావు. చెన్నై శివారులోని అంబత్తూరు పారిశ్రామికవాడలో, వేరే యంత్రభాగాల పేరుతో, చిన్న చిన్న వర్క్‌షాపుల చేత చేయించినవని దర్యాప్తులో తేలింది. ‘సొంత తయారీ’ అనే మాట వెనక ఊరి లేత్ మిషను, ఊరి ఉక్కు, ఊరి కొలబద్ద ఉన్నాయన్న మాట. పత్రికలు అప్పుడూ రాకెట్ల సంఖ్యనే పెద్ద అక్షరాల్లో వేశాయి.

మెచ్చుకోలులోని మోసం

భయపెట్టే వార్తను విమర్శించడం సులువు. మెచ్చుకునే వార్తను విమర్శించడం కాస్త కష్టం. చేతిలో ఉన్న వస్తువులతో పని జరిపించుకోవడాన్ని హిందీలో జుగాడ్ అంటారు. ఈమధ్య ఆ మాట మనకూ ముద్దుగా మారింది. పాత మోటారుతో నీళ్ళు తోడే పంపు, సైకిలు చక్రంతో నూర్పిడి యంత్రం చేసినవారిని మెచ్చుకోవలసిందే. అవి విఫలమైతే పని ఆగుతుంది, అంతే. ఆ మెచ్చుకోలునే తూటాలు నింపే సామానుకూ అతికిస్తే మనం ఒక సంగతి మరచిపోతున్నాం. ఇక్కడ వైఫల్యాన్ని మోసేది వస్తువు కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి. ఎదుటివాడిని చంపడానికి చేసింది కాబట్టి అది సఫలమైనా పోయేది ఒక మనిషి ప్రాణమే.

చేతుల్లో నేర్పు లేదని నేననడం లేదు. బస్తర్ కమ్మరులు తరతరాలుగా ఇనుమును ఎరిగినవారు. కొండగావ్ ప్రాంతపు ఇనుప కళారూపాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కాల్చిన ఇనుము రంగు చూసి ఎప్పుడు సుత్తి వేయాలో చెప్పగల కన్ను ఆ ఇళ్ళల్లో ఉంది. అదే జిల్లాల పక్కన బైలదిల్లా గనుల నుంచి 1968 నుంచి ఖనిజం రైళ్ళకెక్కి విశాఖపట్నం రేవుకు పోతోంది. ఇనుమును ఇంతగా ఎరిగిన ప్రాంతంలో ఒక కుర్రవాడికి వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి పట్టుకోవడం నేర్పే పాఠశాల ప్రయోగశాల ముందు చేరాలా, తూటా గుల్ల ముందు చేరాలా? ఇదీ వార్త అడగవలసిన ప్రశ్న. మెచ్చుకోలు వార్త దీన్ని అడగదు. నేర్పును చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతుంది.

మాట తూలితే ఎవరికి నష్టం?

ఇదంతా పదాల గురించిన చాదస్తం అని కొట్టిపారేయకండి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గాని, తూటా గాని తయారు చేయడం, మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం నేరం. 2019లో సవరించిన తర్వాత, లైసెన్సు లేకుండా తయారు చేస్తే కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంత బరువైన శిక్ష ఉన్నప్పుడు, దొరికిన వస్తువు ఏమిటి, ఎవరి దగ్గర దొరికింది, అది పనిచేస్తుందా అన్న మూడు ప్రశ్నలకూ కచ్చితమైన జవాబు ఉండాలి. జవాబు ఇవ్వవలసింది ఫోరెన్సిక్ ప్రయోగశాల. టార్పాలిన్ ఫోటో దానికి ప్రత్యామ్నాయం కాదు.

సుక్మా జిల్లాలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర జరిగిన దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయారు. ఆ కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులను 2022 జూలైలో దంతెవాడ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. వారికి నేరంతో సంబంధం ఉన్నట్లు గాని, ఆయుధాలు వారి దగ్గర దొరికినట్లు గాని రుజువు కాలేదు. అప్పటికి వారిలో చాలామంది ఐదేళ్ళకు పైగా జైలులో గడిపారు. చనిపోయిన 25 మంది కుటుంబాలకూ న్యాయం దొరకలేదు, జైలులో మగ్గిన 121 మందికీ దొరకలేదు. కచ్చితత్వం లేకపోతే రెండు వైపులా నష్టమే.

కాబట్టి ఈసారి అలాంటి వార్త కంటపడినప్పుడు పేజీ తిప్పకుండా నాలుగు ప్రశ్నలు వేయండి. మొదటిది, దొరికింది మూతి నుంచి మందు కూరే తుపాకీయా, ఇత్తడి గుల్లతో పనిచేసే తుపాకీయా? రెండోది, అక్కడ కొలిచే సాధనం ఏదైనా దొరికిందా, లేక కోసే, రాపాడే సామాను మాత్రమేనా? మూడోది, మందు, కాప్, ఉక్కు ఎక్కడి నుంచి వచ్చాయి? నాలుగోది, అది పనిచేస్తుందని ఎవరు పరీక్షించి చెప్పారు?

ఈ నాలుగింటికీ వార్తలో జవాబు లేకపోతే పత్రికకు ఒక ఉత్తరం రాయండి. ఎన్ని దొరికాయి అని లెక్కపెట్టిన విలేకరి, అవి ఏమిటి అని కూడా కనుక్కుని రాయాలని పాఠకులు అడిగినప్పుడే తెలుస్తుంది. అడగడానికి కావలసిన భౌతికశాస్త్రం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది.